సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ఇంటి కంప్యూటర్‌లో ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

బ్యాంకు సైటో, కరెంటు బిల్లు కట్టే సైటో తెరవబోతే, పేజీకి బదులు ఎర్రని త్రికోణం ప్రత్యక్షమై "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని క్రోమ్ చెప్పినప్పుడు, చాలామంది "అడ్వాన్స్‌డ్" నొక్కి, కింద కనిపించే "ప్రొసీడ్" లింకు పట్టుకుని లోపలికి వెళ్లిపోతారు. భయపడేవారు కంప్యూటర్‌ను దుకాణానికి తీసుకువెళ్లి విండోస్ మళ్లీ వేయిస్తారు. మొదటిది ప్రమాదం, రెండోది చాలా సందర్భాలలో వృథా ఖర్చు. హెచ్చరిక ఎందుకు వచ్చిందో ఆ పేజీలోనే రాసి ఉంటుంది. పెద్ద అక్షరాల వాక్యం కింద, చిన్న అక్షరాలలో "నెట్ ఎర్ సర్ట్" అని మొదలయ్యే ఒక కోడ్ ఉంటుంది. ఇంకేమీ చేయకముందే దాన్ని కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో ఈ కోడ్ "అడ్వాన్స్‌డ్" నొక్కిన తర్వాతే కనిపిస్తుంది. ఆ బొత్తాం నొక్కడం వల్ల నష్టమేమీ లేదు. దాని తర్వాత వచ్చే "యాక్సెప్ట్ ది రిస్క్ అండ్ కంటిన్యూ" అన్నదే నొక్కకూడనిది.

ఆ కోడ్ అర్థం కావాలంటే బ్రౌజర్ ఏం పరీక్షిస్తుందో తెలియాలి. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద పెద్దవాళ్లు "నువ్వు ఎవరి తాలూకు?" అని అడిగినట్టే, బ్రౌజర్ కూడా ప్రతి సైటునూ మూడు ప్రశ్నలు అడుగుతుంది. సైటు చూపించే గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ మీద ఉన్న పేరు, అడ్రసు పట్టీలో మీరు కొట్టిన పేరు ఒకటేనా? నేటి తేదీ ఆ సర్టిఫికెట్ గడువు లోపలే ఉందా? దాని మీద సంతకం చేసింది మనకు తెలిసిన సంస్థేనా? ఈ మూడో ప్రశ్నకు జవాబు కోసం మీ కంప్యూటర్‌లోనే ఒక జాబితా ఉంటుంది. డిజిసర్ట్, సెక్టిగో, లెట్స్ ఎన్‌క్రిప్ట్, మన దేశపు ఈముద్ర వంటి సంస్థల రూట్ సర్టిఫికెట్లు, అంటే నమ్మకానికి మూలమైనవి, అందులో ఉంటాయి. రూట్ నేరుగా సైటుకు సంతకం చేయదు. అది ఒక ఇంటర్మీడియట్, అంటే మధ్యవర్తి, సర్టిఫికెట్‌కు సంతకం చేస్తే, ఆ ఇంటర్మీడియట్ సైటు సర్టిఫికెట్‌కు సంతకం చేస్తుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా హెచ్చరిక వస్తుంది.

తప్పు ఎవరిదో ముందు తేల్చుకోండి

తప్పు మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: మీ కంప్యూటర్‌లో, మధ్యనున్న నెట్ దారిలో, లేదా ఆ సైటులో. సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోకుండానే ఏ చోటో రెండు నిమిషాలలో తేల్చవచ్చు. ముందు అదే కంప్యూటర్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని మరో రెండు మూడు సైట్లు తెరిచి చూడండి. తర్వాత మీ ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే సైటు తెరవండి. వైఫై ఆపడం ఇక్కడ ముఖ్యం. ఆపకపోతే ఫోన్ కూడా ఇంటి రౌటర్ గుండానే వెళుతుంది కాబట్టి పరీక్షకు అర్థం ఉండదు. ఆ తర్వాత వైఫై మళ్లీ పెట్టి, దాని మీద కూడా ఒకసారి తెరిచి చూడండి.

ఆ ఒక్క సైటు మాత్రమే, కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ కూడా తెరుచుకోకపోతే తప్పు దాదాపుగా సైటుదే. మీ చేతిలో పనేమీ లేదు. అన్ని సైట్లకూ హెచ్చరిక వస్తూ, అదే వైఫై మీద ఉన్న ఫోన్‌కు రాకపోతే తప్పు కంప్యూటర్‌దే. ఇంట్లో ఉన్న అన్ని పరికరాలకూ వైఫై మీద వస్తూ, మొబైల్ డేటా మీద పోతే తప్పు నెట్ దారిలో ఉంది. ఈ చివరి సందర్భంలో మన ఇళ్లలో అందరికంటే ముందు అనుమానించాల్సింది బ్రాడ్‌బ్యాండ్ ప్యాక్ గడువును. ప్యాక్ అయిపోయినప్పుడు కొందరు నెట్ సంస్థలవారు మీరు ఏ సైటు కోరినా తమ రీచార్జి పేజీకి మళ్లించే ప్రయత్నం చేస్తారు. బ్రౌజర్ బ్యాంకు పేరు అడిగితే ఎదురుగా మరొకరి సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి అది హెచ్చరిక చూపిస్తుంది. రైల్వే స్టేషన్, విమానాశ్రయం, హోటల్ వైఫైలలో లాగిన్ కాకముందు వచ్చే హెచ్చరికలకూ కారణం ఇదే. అలాంటి చోట హెచ్చరిక దాటాలని చూడకుండా, ఆ వైఫై లాగిన్ పేజీని విడిగా తెరిచి, నమోదు పూర్తి చేసి, తర్వాత మీ సైటుకు రండి.

తేదీ

కోడ్‌లో "డేట్ ఇన్‌వ్యాలిడ్" అని ఉన్నా, "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని క్రోమ్ నేరుగా చెప్పినా, తెర మూలనున్న గడియారం చూడండి. గంటా నిమిషం సరిగ్గా ఉంటే తృప్తిపడి వదిలేయకండి. దాని మీద నొక్కి సంవత్సరం చూడండి. ఇంటి కంప్యూటర్లలో అన్ని సైట్లకూ ఒకేసారి హెచ్చరిక వచ్చిందంటే ఎక్కువగా కారణం ఇదే. కంప్యూటర్ తాను పాత సంవత్సరంలో ఉన్నాననుకుంటే, నిన్న జారీ అయిన సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనిదిగా కనిపిస్తుంది.

విండోస్ 10, 11లలో గడియారం మీద రైట్ క్లిక్ చేసి "అడ్జస్ట్ డేట్ అండ్ టైమ్" తెరవండి. ముందుగా టైమ్ జోన్ "చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" అని, అంటే అంతర్జాతీయ సమయానికి 5 గంటల 30 నిమిషాలు ముందుగా ఉందో లేదో చూసుకోండి. కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్లలో ఇది అమెరికా పసిఫిక్ సమయంలో ఉండిపోవడం, ఇంట్లోవాళ్లు గడియారం తప్పుగా ఉందని ముల్లు మాత్రం చేత్తో సరిచేయడం తరచూ జరుగుతుంది. అప్పుడు తెర మీద సమయం సరిగ్గానే కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ లోలెక్కలో పన్నెండు గంటలకు పైగా ముందుకు పోయి ఉంటుంది. గడువు దగ్గరపడిన సర్టిఫికెట్లు దానికి అప్పటికే తీరిపోయినట్టు తోస్తాయి. టైమ్ జోన్ సరిచేశాక "సెట్ టైమ్ ఆటోమేటికల్లీ" పెట్టి, "సింక్ నౌ" నొక్కండి. తేడా సంవత్సరాలలో ఉంటే సింక్ ఒక్కోసారి విఫలమవుతుంది. అలాంటప్పుడు తేదీని ముందు చేత్తో సరిచేసి, ఆ తర్వాత సింక్ చేయాలి. మ్యాక్ వాడేవారికి ఇదే అమరిక సిస్టమ్ సెట్టింగ్స్‌లోని "జనరల్" కింద "డేట్ అండ్ టైమ్"లో ఉంటుంది. అన్నీ అయ్యాక బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

సరిచేసిన తేదీ మర్నాటికి మళ్లీ పాతదైపోతే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది పెద్ద నాణెమంత ఉండే 3 వోల్టుల లిథియం బిళ్ల. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కు ఈ జబ్బే వచ్చింది. మా నాన్నగారు రోజూ రాత్రి కంప్యూటర్ ఆపాక గోడ స్విచ్ కూడా ఆపేసేవారు. ఆ జాగ్రత్త మంచిదే గానీ, గోడ నుంచి కరెంటు అందుతున్నంతసేపు మదర్‌బోర్డు గడియారం దాని మీదే నడుస్తుందని, అది కూడా ఆగితేనే బ్యాటరీ ఖర్చవుతుందని మాకు అప్పుడు తెలియదు. బిళ్ల మార్చడానికి కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పక్క మూత తీసి, చిన్న క్లిప్పును వేలితో పక్కకు నొక్కితే పాతది పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్1 నొక్కమని అడగవచ్చు. విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెర, అంటే బయోస్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, సేవ్ చేసి బయటికి రావాలి. ల్యాప్‌టాప్‌లలో ఈ బ్యాటరీ తీగతో అతికించి లోలోపల ఉంటుంది కాబట్టి అది మెకానిక్‌కే వదిలేయడం మేలు.

మీ తేదీ సరిగ్గానే ఉండి, ఒక్క సైటుకే ఈ కోడ్ వస్తుంటే ఆ సైటువారు సర్టిఫికెట్ పునరుద్ధరించడం మరిచారన్నమాట. అడ్రసు పట్టీకి ఎడమవైపు కనిపించే "నాట్ సెక్యూర్" మీద నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరిస్తే, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందో రెండు తేదీలూ ఉంటాయి. నిన్నో మొన్ననో గడువు తీరి ఉంటే వారికి ఫోన్ చేసి చెప్పండి, ఒక రోజు ఆగండి. ఈ రకం హెచ్చరికలు రానున్న కాలంలో మరింత తరచుగా కనిపించవచ్చని నా అభిప్రాయం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులే. మిగిలినవారికి 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువును, బ్రౌజర్ తయారీదార్లు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం, 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు కుదిస్తున్నారు. ఈ పనిని యంత్రానికి అప్పగించకుండా ఇంకా చేత్తో చేసుకునే చిన్న కార్యాలయాలు, కళాశాలలు తడబడక తప్పదు.

పేరు

"కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్" అంటే పేర్లు కలవలేదని. ముందుగా మీరు కొట్టిన అడ్రసును అక్షరం అక్షరం చదవండి. ఒక అక్షరం తేడాతో ఉండే నకిలీ సైట్లు ఉన్నాయి. ముందు మూడు డబ్ల్యూలు ఉంటే ఒక సర్టిఫికెట్ వర్తించి, లేకపోతే వర్తించని నిర్లక్ష్యపు సైట్లూ ఉన్నాయి. వాటికి రెండు రకాలుగానూ కొట్టి చూడవచ్చు.

బ్యాంకుల విషయంలో ఒక కొత్త మార్పు గుర్తుంచుకోవాలి. దేశంలోని బ్యాంకులన్నీ తమ సైట్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" తో ముగిసే పేర్లకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించి, 2025 అక్టోబరు 31 వరకు గడువు ఇచ్చింది. ఆ పేర్లు నమోదు చేసే బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థది. అందుచేత ఎప్పుడో దాచుకున్న పాత బుక్‌మార్క్ నొక్కినప్పుడు ఇబ్బంది ఎదురైతే, దాన్ని తీసివేసి, కొత్త అడ్రసును మీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు వెనుక ఉన్న ఫోన్ నంబరు, బ్యాంకు శాఖ వంటి నమ్మకమైన చోట అడిగి తెలుసుకోండి. గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన ప్రకటన మీద నొక్కడం మాత్రం వద్దు.

ఎవరి సంతకం

"అథారిటీ ఇన్‌వ్యాలిడ్", ఫైర్‌ఫాక్స్‌లో "అన్‌నోన్ ఇష్యూయర్" అన్న కోడ్‌కు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని అమాయకమైనవి, కొన్ని నిజంగా ప్రమాదకరమైనవి. అందుకే ఇక్కడ తొందరపడకూడదు.

కంప్యూటర్ పాతదైతే దాని రూట్ జాబితా కూడా పాతదై ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన ఒక పాత రూట్ 2021 సెప్టెంబరు 30న గడువు తీరిపోయినప్పుడు, ఏళ్ల తరబడి అప్‌డేట్లు అందని కంప్యూటర్లలో, ఫోన్లలో అప్పటిదాకా చక్కగా తెరుచుకున్న సైట్లు ఒక్కరోజులో మొరాయించాయి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. దాని మీద పనిచేసే చివరి క్రోమ్ 109వది. అలాంటి యంత్రంతో తప్పనిసరిగా నెట్టుకురావాల్సిన వారికి ఒక దారి ఉంది. ఫైర్‌ఫాక్స్ మొదటి నుంచీ విండోస్ జాబితా మీద ఆధారపడకుండా తన రూట్ల జాబితా తానే తెచ్చుకుంటుంది కాబట్టి, ఆ యంత్రంలో నడిచే చివరి వెర్షన్ అయిన 115 ఈఎస్ఆర్ వేసుకుంటే కొన్ని సైట్లు మళ్లీ తెరుచుకుంటాయి. అయినా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయవద్దనే నా సలహా. విండోస్ 10, 11 ఉన్నవారు పెండింగులో ఉన్న అప్‌డేట్లన్నీ వేసుకుని, బ్రౌజర్‌ను కూడా తాజా పరచుకుంటే ఈ కారణం తొలగిపోతుంది.

యాంటీవైరస్ మరో కారణం. కొన్ని యాంటీవైరస్‌లు మీ రాకపోకలను తనిఖీ చేయడానికి సైటు సర్టిఫికెట్‌ను మధ్యలో ఆపి, తమ సొంత సర్టిఫికెట్‌ను బ్రౌజర్‌కు చూపిస్తాయి. అది పాడైతే ప్రతి సైటుకూ హెచ్చరికే. సర్టిఫికెట్ వివరాలలో "ఇష్యూడ్ బై" అన్న చోట మీ యాంటీవైరస్ పేరే కనిపిస్తే, దాని సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అన్న ఒక్కదాన్ని ఆపి చూడండి. యాంటీవైరస్ మొత్తాన్ని ఆపనక్కరలేదు. గడువు తీరిపోయిన పాత యాంటీవైరస్ అయితే దాన్ని తీసివేయడమే మంచిది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి అవసరాలకు సరిపోతుంది.

"ఇష్యూడ్ బై" దగ్గర మీరెప్పుడూ వినని పేరు, మీరు వేయని సాఫ్ట్‌వేర్ పేరు కనిపిస్తే అది వేరే కథ. 2015 ఫిబ్రవరిలో లెనోవో ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందుగానే వేసి ఉందని, అది తన రూట్‌ను చొప్పించిందని, పైగా అన్ని యంత్రాలలోనూ ఒకే రహస్య కీ వాడిందని బయటపడింది. ఆ కీ తెలిసినవారెవరైనా ఆ ల్యాప్‌టాప్‌ల ముందు ఏ బ్యాంకు వేషమైనా వేయగలరు. అందుకే "ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే సమస్య పోతుంది" అని ఎవరు చెప్పినా చేయకండి. రూట్ జాబితాలో ఒక పేరు చేర్చడమంటే, ఏ సైటు పేరుతోనైనా సంతకం చేసే హక్కును వారికి రాసిచ్చినట్టే. గుర్తింపు ఉన్న సంస్థల విషయంలోనే ఇది ఎంత సున్నితమో 2014 జులైలో మన దేశంలోనే తెలిసింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీకి చెందిన సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ సైట్ల పేర్లతో అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డాయని గూగుల్ గుర్తించింది. ఆ ఇంటర్మీడియట్లను రద్దు చేశారు, ఆ తర్వాత క్రోమ్, మన దేశపు సర్టిఫికెట్ సంస్థలను నియంత్రించే ప్రభుత్వ కార్యాలయమైన సీసీఏ రూట్‌ను కొన్ని భారతీయ డొమైన్లకే పరిమితం చేసింది.

అనుమానం ఉంటే స్టార్ట్ మెనూలో "మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్" అని వెతికి, "ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్" ఫోల్డర్ చూడవచ్చు. చూడండి, పేర్లు రాసుకోండి, కానీ తెలియని ప్రతిదాన్నీ తీసివేయకండి. గడువు తీరినట్టు కనిపించే కొన్ని పాత రూట్లు విండోస్‌కే అవసరం. ముందుగా ఆ పేరుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి తొలగించి, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయించండి.

ఇంట్లో జీఎస్టీ, టెండర్ల పని చేసుకునేవారికి మరో సందర్భం ఎదురవుతుంది. డిజిటల్ సంతకం టోకెన్‌తో పనిచేసే సైనర్ ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్‌లా నడుస్తూ, బ్రౌజర్‌తో 127.0.0.1 అనే అడ్రసులో మాట్లాడుతుంది. ఆ అడ్రసు బయటిది కాదు, మీ కంప్యూటరే. దానికి బయటి సంస్థ సంతకం ఉండదు కాబట్టి హెచ్చరిక రావడం సహజం. ఆ ప్రోగ్రామును అధికారిక పోర్టల్ నుంచే దించుకుని ఉంటే, దాని సూచనల ప్రకారం ఆ ఒక్క అడ్రసుకు అనుమతి ఇవ్వవచ్చు. మీ ఇంటి రౌటర్ సెట్టింగ్స్ పేజీ, అంటే 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ, అదే కోవలోకి వస్తుంది. నేను హెచ్చరిక దాటి వెళ్లడానికి ఒప్పుకునేవి ఈ రెండే, అదీ సొంత ఇంట్లో, సొంత వైఫై మీద.

రౌటర్ మాట వచ్చింది కాబట్టి: ఇంట్లో అన్ని పరికరాలకూ హెచ్చరిక వస్తూ, ప్యాక్ కూడా చెల్లుబాటులోనే ఉంటే, రౌటర్‌లో డీఎన్ఎస్ అమరికను, అంటే సైటు పేరును బట్టి అది నెట్‌లో ఎక్కడుందో వెతికిపెట్టేదాన్ని, ఎవరో మార్చి ఉండవచ్చు. రౌటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం దానికి మందు. కానీ రీసెట్ చేయకముందే మీ బ్రాడ్‌బ్యాండ్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నెట్ సంస్థవారిని అడిగి రాసుకోండి. లేకపోతే రీసెట్ తర్వాత నెట్ అసలే రాదు.

కోడ్‌లో "రివోక్డ్" అని ఉంటే ఆ సర్టిఫికెట్‌ను జారీ చేసినవారే రద్దు చేశారని అర్థం, అక్కడితో ఆగిపోవాలి. కొన్ని సైట్లకు "ప్రొసీడ్" లింకే కనిపించదు. హెచ్చరికను దాటనివ్వవద్దని ఆ సైటే బ్రౌజర్‌కు ముందుగా చెప్పి ఉంచిందన్నమాట. అది మీ మేలు కోసమే. ఇక కుకీలు తుడవడం, "క్లియర్ ఎస్ఎస్ఎల్ స్టేట్" నొక్కడం వంటి చిట్కాలు చాలాచోట్ల కనిపిస్తాయి గానీ, పైన చెప్పిన మూడు ప్రశ్నలలో దేనికీ అవి జవాబు కావు కాబట్టి వాటితో హెచ్చరిక పోవడం అరుదు.

హెచ్చరిక లేకపోవడాన్ని కూడా అతిగా నమ్మకూడదు. మోసపు సైటు కూడా తన సొంత పేరు మీద సక్రమమైన సర్టిఫికెట్ తెచ్చుకోగలదు. తాళం గుర్తును చూసి సైటు నిజాయితీపరురాలని జనం పొరబడుతున్నారనే క్రోమ్ 2023 సెప్టెంబరులో వచ్చిన 117వ వెర్షన్‌లో దాన్ని తీసివేసి, మామూలు సెట్టింగ్స్ బొమ్మ పెట్టింది.

ఇప్పటికే హెచ్చరిక దాటి వెళ్లి పాస్‌వర్డ్ కొట్టి ఉంటే, మరో పరికరం నుంచి, మొబైల్ డేటా మీద ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. అది బ్యాంకుదైతే బ్యాంకుకు ఫోన్ చేయండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి అదే నిమిషంలో చెప్పండి. తర్వాత బ్రౌజర్‌కు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోండి. క్రోమ్‌లో ఆ సైటు అడ్రసు పక్కనున్న "నాట్ సెక్యూర్" నొక్కితే "టర్న్ ఆన్ వార్నింగ్స్" అని ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌లోని "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" కింద "వ్యూ సర్టిఫికెట్స్" తెరిచి, "సర్వర్స్" అన్న భాగంలో ఆ సైటు పేరు ఉంటే తొలగించండి.